ద్రాక్ష పందిళ్ల మధ్య రైలు.. వేళ కుదిరితేనే మేలు

చిక్కబళ్లాపురంలో పొద్దున్నే రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంటే నంది కొండ చాలాసేపు వెంట వస్తుంది. నంది హాల్ట్ దాటాక ఎర్రమట్టి నేలలో వరసగా రాతి కూసాలు, వాటి మీద కట్టిన తీగెలు, తీగెల నిండా అల్లుకున్న ఆకులు. అవే ద్రాక్ష తోటలు. పెట్టెలో చెవి పెట్టి వింటే సగం మాటలు కన్నడం, సగం తెలుగు. 'యాడికి పోతా ఉండారు?' అని ఒకరు తెలుగులో అడిగితే ఇంకొకరు కన్నడంలో జవాబిస్తారు. ఎవరికీ వింతగా అనిపించదు. ఈ దారి అట్లాంటిది.

వెంకటగిరికోట, అవతిహళ్లి, దేవనహళ్లి, విమానాశ్రయం హాల్ట్, దొడ్డజాల, బెట్టహలసూరు, యలహంక.. ఇదీ బెంగళూరికి పోయే వరస. ఇటు తిరిగితే చిక్కబళ్లాపురం నుంచి శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురం, కోలారు మీదుగా బంగారుపేట. పట్టుగూళ్ల సంతకు పేరుపడ్డ శిడ్లఘట్ట, మామిడికి పేరుపడ్డ శ్రీనివాసపురం, నల్లద్రాక్ష పండే నంది లోయ.. మూడింటినీ కలిపే ఇనుప దారి ఇది ఒక్కటే. దారి వందేళ్లకు ముందే పడింది. రైలూ తిరుగుతోంది. అయినా తోటల్లోని మనిషికి అది ఎంత దగ్గరైందన్నదే ప్రశ్న.

చిన్న బండి కాలం

ఈ పట్టాలు మొదట పడింది మైసూరు సంస్థానం రోజుల్లో. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. బౌరింగ్‌పేట అని అప్పట్లో పిలిచిన బంగారుపేట నుంచి కోలారుకు 1913లో బండి నడిచింది. చిక్కబళ్లాపురం - యలహంక మార్గంలోని స్టేషన్లు 1915 నాటివి. ఆ రోజుల్లో మైసూరు దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన పుట్టిన ముద్దేనహళ్లి ఇదే నంది కొండ చుట్టుపక్కల ఊరు. ఇంటిపేరులోని మోక్షగుండం మాత్రం తెలుగు నేలది. వలస వచ్చిన తెలుగు కుటుంబాల కథ ఈ నేలకు ఎంత పాతదో చెప్పడానికి ఆ ఒక్క ఇంటిపేరు చాలు.

తర్వాత పట్టాల వెడల్పు పెంచారు. యలహంక - చిక్కబళ్లాపురం ముక్క ముందు బ్రాడ్‌గేజ్ అయింది. బంగారుపేట - కోలారు మధ్య బస్సును పోలిన చిన్న రైలు, అదే రైల్‌బస్, కొన్నేళ్లు నడిచింది. మధ్యలో మిగిలిన చిక్కబళ్లాపురం - కోలారు పని 2013లో పూర్తయింది. అప్పటికి గానీ బెంగళూరు నుంచి కోలారుకు ఈ వైపు నుంచి పెద్ద రైలు దారి కలవలేదు. పాత స్టేషన్లు దొడ్డజాల, దేవనహళ్లి, అవతిహళ్లి, నంది హాల్ట్‌లను వారసత్వ కట్టడాలుగా కాపాడే ప్రయత్నం ఇన్‌టాక్ సంస్థ చేసింది. నంది హాల్ట్ పెంకుల కప్పు, రాతి గోడలు చూడటానికే కొందరు దిగుతారు. నంది గ్రామంలోని భోగనందీశ్వరుడి గుడి అక్కడికి దగ్గరే.

నల్లద్రాక్ష ఊళ్లు

ఇక్కడ పండే నల్లద్రాక్షకు బెంగళూరు బ్లూ అని పేరు. తోలు మందం, గింజ ఉంటుంది, పులుపూ తీపీ కలిసిన వాసన. ఏడాదికి రెండు కాపులు తీసే రైతులున్నారు. తినడానికి కొంత పోతే, రసానికీ జామ్‌కూ తీపి వైన్‌కూ మరికొంత పోతుంది. ఈ ద్రాక్షకు 2013లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దాని పక్కనే పండే దిల్‌ఖుష్ రకం మనకు మరీ దగ్గరి చుట్టం. హైదరాబాద్ తోటల్లో పేరు తెచ్చుకున్న అనాబ్-ఏ-షాహీ నుంచి వచ్చిందే అది.

వైన్ కోసమే వేసిన తోటలు వేరు. దొడ్డబళ్లాపురం తాలూకాలో నంది కొండ పాదాన 1988లో ఫ్రెంచి రకాలతో గ్రోవర్ తోట మొదలైంది. కెబర్నే సావిన్యో, షిరాజ్ లాంటి రకాలు ఇక్కడ నిలదొక్కుకుంటాయని ఆ తోట చూపించింది. సముద్ర మట్టానికి ఎత్తుగా ఉండటం, పగలు ఎండ, రాత్రి చలి.. ద్రాక్షకు ఇవే కావాలి. కర్ణాటక ప్రభుత్వం 2007లో ద్రాక్ష శుద్ధి, వైన్ విధానం ప్రకటించాక నంది లోయ పేరు ఇంకాస్త వినబడింది. చిక్కబళ్లాపురం కోలారు నుంచి విడిపోయి జిల్లా అయింది కూడా ఆ ఏడాదే.

పేరొచ్చింది సరే, రైతు కష్టం మాత్రం తీరలేదు. ద్రాక్ష కోశాక ఆగదు. 2020 లాక్‌డౌన్‌లో వాహనాలు ఆగిపోయి, మండీలు మూతపడి, పండిన గుత్తులు తోటల్లోనే కుళ్లిపోవడం ఈ జిల్లా కళ్లారా చూసింది. సరుకును వేళకు చేర్చే దారి ఎంత అవసరమో ఆ ఎండాకాలం నేర్పింది.

పది రూపాయల ప్రయాణం

దేవనహళ్లి పక్కన విమానాశ్రయం వచ్చాక ఈ లైను తలరాత మారుతుందని అందరూ అనుకున్నారు. ఆ విమానాశ్రయానికి కెంపేగౌడ పేరు పెట్టారు. బెంగళూరు కోట కట్టించిన ఆయన 'గంగాగౌరీ విలాసం' అనే తెలుగు యక్షగానం రాశాడని చెబుతారు. ఆయన పూర్వీకుల ఊరు అవతి. ఈ లైనులో ఒక స్టేషన్ ఆ ఊరి పేరు మీదే ఉంది.

2021 జనవరి 4న విమానాశ్రయం హాల్ట్‌లో మొదటి రైలు ఆగింది. అప్పట్లో యలహంక నుంచి పది రూపాయలు, బెంగళూరు సిటీ నుంచి పదిహేను రూపాయలు టికెట్టు. అదే దూరం కారులో పోతే వందల్లో అవుతుంది. హాల్ట్ నుంచి టెర్మినల్‌కు బస్సు కూడా పెట్టారు. అయినా రైళ్లు నిండలేదు. కారణం తెలిసిందే. విమానాలు రాత్రీ పగలూ దిగుతాయి, రైళ్లు రోజుకు కొన్నే. విమానాశ్రయంలో షిఫ్టుల్లో పనిచేసే వాళ్లకు డ్యూటీ వేళ ఒకటి, బండి వేళ ఒకటి. పైగా అప్పుడు పెట్టిన రైళ్లు ఆదివారం నడవలేదు. నంది కొండకు జనం ఎగబడేది ఆదివారమే మరి!

ఒంటి లైను కష్టం

రైళ్లు పెంచమని అడగడం సులువు, నడపడం కష్టం. యలహంక దాటాక ఈ దారి ఒంటి లైను. ఎదురుబండి వస్తే స్టేషన్‌లో ఆగి దారి ఇవ్వాల్సిందే. కరెంటు లైను వచ్చింది, మెమూ బండ్లు నడపొచ్చు. కానీ రెండో లైను లేనిదే గంటకో బండి అనే మాట కుదరదు.

బెంగళూరు సబర్బన్ రైలు పథకానికి కేంద్రం 2020లో ఆమోదం తెలిపింది. 148 కిలోమీటర్లు, నాలుగు మార్గాలు. అందులో పొడవైన వాటిలో ఒకటి బెంగళూరు సిటీ నుంచి యలహంక మీదుగా దేవనహళ్లి దాకా, 41 కిలోమీటర్ల పైచిలుకు. 2022 జూన్‌లో పథకానికి శంకుస్థాపన జరిగింది. పని ముందు మొదలైంది మాత్రం వేరే మార్గాల్లో. మన వైపు జనానికి ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పథకం దేవనహళ్లితో ఆగిపోతుంది. నంది, చిక్కబళ్లాపురం, చింతామణి ఊళ్లకు అప్పుడూ ఈ పాత లైనే దిక్కు.

అక్కడ ఏం చేశారు?

ద్రాక్ష తోటల మధ్య రోజువారీ రైలు కథ మనది ఒక్కటే కాదు. అమెరికాలో కాలిఫోర్నియా వైన్‌కు పేరుపడ్డ సొనోమా కౌంటీలో, పక్కనున్న మరిన్ కౌంటీలో పాత రైలు దారి మీదే 2017 ఆగస్టులో స్మార్ట్ అనే రైలు మొదలైంది. 2008లో అక్కడి ఓటర్లు డాలరు కొనుగోలుకు పావు సెంటు పన్ను కట్టడానికి ఒప్పుకున్నారు, ఆ డబ్బే దానికి ఊపిరి. మొదట్లో ఎక్కేవాళ్లు తక్కువని విమర్శలు తప్పలేదు. 2019లో లార్క్స్‌పర్ దాకా పెంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోయే పడవకు దగ్గర చేశారు. పట్టాల పక్కనే సైకిల్ దారి వేస్తూ పోయారు. 2024లో బడిపిల్లలకు, వృద్ధులకు టికెట్టు తీసేశారు. 2025లో విండ్సర్ దాకా సాగింది.

మన దగ్గర పన్నుతో రైలు నడిపే పద్ధతి లేదు. డబ్బు సంగతి పక్కన పెట్టినా నేర్చుకోవాల్సింది ఒకటుంది. పట్టాలు వేయడంతో పని అయిపోదు. దిగినవాడు ఇంటికి ఎట్లా పోతాడు, పొద్దున వచ్చినవాడు రాత్రి ఎట్లా తిరిగొస్తాడు అన్నది చూసినప్పుడే బండి నిండుతుంది. నంది హాల్ట్‌లో దిగితే కొండ మీదికి బస్సు ఉండాలి. అవతిహళ్లిలో దిగితే ఊళ్లోకి ఆటో అయినా దొరకాలి.

నేల మిగలాలి

రైలు దగ్గరైతే లేఅవుట్లూ దగ్గరవుతాయి. ద్రాక్ష పందిరి తీసేసి సైటు రాళ్లు పాతిన పొలాలు దేవనహళ్లి చుట్టూ ఇప్పటికే ఉన్నాయి. ఆ తాలూకాలో చన్నరాయపట్న హోబళిలోని 13 గ్రామాల్లో 1,777 ఎకరాలు పరిశ్రమలకు తీసుకుంటామంటే రైతులు మూడేళ్లకు పైగా ధర్నా చేశారు. 2025 జులై 15న ప్రభుత్వం ఆ ప్రతిపాదన విరమించుకుంది. ద్రాక్ష, పట్టు, పాలు, కూరగాయలు.. వీటి మీదే బతుకుతున్నామన్నది వాళ్ల వాదన. ఆ పంటలకు మంచి దారి చూపిస్తే నేల అమ్ముకోవాలన్న ఒత్తిడి కొంతైనా తగ్గుతుంది.

ఆ దారి ఈ లైనే కావచ్చు. 2021 వేసవిలో చింతామణి వైపు దొడ్డనట్ట స్టేషన్ నుంచి మామిడి కిసాన్ రైలులో ఢిల్లీకి పోయింది. మామిడికి కుదిరిన పని ద్రాక్షకు ఎందుకు కుదరదు? చల్లని గిడ్డంగి ఒకటి, బండి వేళ ఒకటి కుదిరితే చాలు. ఈ దారి పొడవునా జనం కోరేదీ పెద్దదేం కాదు. పొద్దున పనికి, కాలేజీకి పోయే వేళకు ఒక బండి, రాత్రి తిరిగొచ్చే వేళకు ఒకటి, ఆదివారం నందికి ఒకటి.

నంది కొండల దగ్గర పుట్టిన పెన్న అనంతపురం, కడప దాటి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. నీళ్లకు హద్దు లేదు, ఇక్కడి మాటకూ లేదు. కైవారం తాత తెలుగులోనూ కన్నడంలోనూ పాడింది ఈ చింతామణి పక్కనే. ఆ ఊళ్ల పిల్లలు ఇప్పుడు బెంగళూరులో కొలువు చేసుకుంటూ, రాత్రికి సొంతూరు చేరాలనుకుంటున్నారు. చివరి బండి వేళకు దొరికితే వాళ్లు ఊళ్లోనే ఉంటారు. వాళ్లుంటే తోటా ఉంటుంది.