న్యూయార్క్ నగర మరణ నమోదులు – కుటుంబ చరిత్ర పరిశోధన

న్యూయార్క్ నగర చారిత్రక మరణ నమోదులు అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యూయార్క్ నగరంలో మరణించినవారి వివరాలతో నగర పాలక సంస్థ తయారుచేసి భద్రపరచిన పుస్తకాలు, ధ్రువపత్రాలు. వీటిలో మిక్కిలి పాతవి 1795 నాటివి. ప్రజారోగ్యం కొరకు ప్రారంభమైన ఈ నమోదులు నేడు తమ పూర్వీకుల చరిత్రను తెలిసికొనగోరువారికి ముఖ్యమైన ఆధారాలు. ఆస్తిపాస్తులు లేని వలస కుటుంబాల విషయంలో వీలునామాలు, భూమి పత్రాలు సాధారణంగా ఉండవు. అట్టివారి ఉనికికి మరణ పత్రమే ఏకైక సాక్ష్యం కావచ్చును. అయితే ఒకే పత్రంలోని వివరాలన్నిటికీ సమానమైన విలువ ఉండదు. ఏ వివరం ఎవరు చెప్పినదో గుర్తించి చదువుటయే ఈ పరిశోధనలో ప్రధానమైన విషయం.

చరిత్ర

19వ శతాబ్దంలో న్యూయార్క్ నగరం 1832, 1849, 1866 సంవత్సరాలలో కలరా వాతబడినది. ఎందరు, ఎక్కడ, ఏ వ్యాధితో మరణించుచున్నారో తెలియనిదే వ్యాధిని అదుపు చేయుట సాధ్యం కాదు. 1866లో మెట్రోపాలిటన్ ఆరోగ్య మండలి ఏర్పడిన తరువాత నమోదు క్రమబద్ధమైనది. ధ్రువపత్రం లేనిదే ఖననానికి అనుమతి లభించదు. అందువలన ఆ కాలపు జననాల నమోదు కంటే మరణాల నమోదు సమగ్రంగా ఉంటుంది.

1898 జనవరి 1న మాన్‌హట్టన్, బ్రూక్లిన్, బ్రాంక్స్, క్వీన్స్, స్టాటెన్ ఐలండ్ అను ఐదు విభాగాలు కలిసి నేటి నగరం ఏర్పడినది. ఈ విభాగాలను బరోలు అందురు. అంతకు పూర్వం బ్రూక్లిన్ వేరొక నగరం. కావున 1898కి ముందు మరణించినవారి కొరకు వెతుకునప్పుడు ఆనాటి సరిహద్దులను గుర్తుంచుకొనవలెను.

1948 వరకు గల పాత పత్రాలు మునిసిపల్ ఆర్కైవ్స్ అను నగర దస్తావేజుల భాండాగారంలో ఉన్నవి. 2022 మార్చిలో ఈ సంస్థ జనన, మరణ, వివాహ పత్రాల ప్రతులను సుమారు 93 లక్షల వరకు అంతర్జాలంలో ఉచితంగా అందుబాటులో ఉంచినది. మరణించిన 75 సంవత్సరాల తరువాత పత్రం అందరికీ అందుబాటులోకి రావలెనని 2018లో నగర ఆరోగ్య మండలి నిర్ణయించినది.

పత్రంలోని వివరాలు

కాలాన్ని బట్టి నమూనా మారినప్పటికీ సాధారణంగా ఈ క్రింది వివరాలు కనిపించును.

* మృతుని పేరు, వయస్సు, వృత్తి, వైవాహిక స్థితి
* జన్మస్థలం, దేశానికి వచ్చి ఎన్ని సంవత్సరాలైనది, నగరంలో ఎంతకాలం నివసించినది
* తల్లిదండ్రుల పేర్లు, వారి జన్మస్థలాలు
* మరణించిన తేదీ, స్థలం, కారణం, వైద్యుని సంతకం
* ఖననం జరిగిన తేదీ, శ్మశానవాటిక పేరు, అంత్యక్రియల నిర్వాహకుని పేరు

ఎవరు చెప్పిన వివరం?

మరణించిన తేదీ, స్థలం, కారణం వైద్యుడు వ్రాసినవి. ఖననం వివరాలు అంత్యక్రియల నిర్వాహకుడు ఇచ్చినవి. ఇవి స్వయంగా చూచినవారి మాటలు కనుక ఎక్కువగా నమ్మదగినవి. వ్యాధిని గుర్తించుటలో మాత్రం ఆనాటి వైద్యశాస్త్రపు పరిమితులు ఉండును.

వయస్సు, జన్మస్థలం, తల్లిదండ్రుల పేర్లు మృతుడు స్వయంగా చెప్పినవి కావు. భార్యయో, కుమారుడో, పొరుగువారో దుఃఖంలో ఉండి చెప్పినవి. అమెరికాలో పుట్టిన కుమారుడు ఐరోపాలోని తన నాయనమ్మను ఎన్నడూ చూచి ఉండకపోవచ్చును. ఆమె పుట్టింటి పేరు అతడు తప్పుగా చెప్పుటలో ఆశ్చర్యం లేదు. తరువాతి కాలపు పత్రాలలో సమాచారమిచ్చిన వ్యక్తి పేరు, బంధుత్వం ఉండును. మొదట ఆ గడిని చదివి తరువాత మిగిలినవి చదువుట మంచిది. "తెలియదు" అను మాట కూడా ఒక సమాచారమే. ఆ సమయంలో దగ్గరి బంధువులెవరూ ప్రక్కన లేరని అది సూచించవచ్చును.

ఉదాహరణకు 1904లో మరణించిన వ్యక్తి వయస్సు 42 అనియు, దేశానికి వచ్చి 20 సంవత్సరాలైనదనియు వ్రాసి ఉన్నదనుకొందాం. అతడు సుమారు 1862లో పుట్టి, 1884 ప్రాంతంలో వచ్చినట్లు లెక్క. కాని చెప్పినవారు అంకెలను గుండ్రం చేసి ఉండవచ్చును. కావున ఓడ ప్రయాణికుల జాబితాలలో రెండు మూడేళ్ళు అటు ఇటుగా వెతకవలెను.

వెతికే విధానం

పత్రాన్ని పొందుటకు బరో, సంవత్సరం, ధ్రువపత్రం సంఖ్య ఈ మూడూ అవసరం. సంఖ్యలు ప్రతి సంవత్సరం మరల ఒకటి నుండి మొదలగును. ఇవి సూచికలలో లభించును.

నమోదు జరుగునది నివసించిన చోటును బట్టి కాదు, మరణించిన చోటును బట్టి. 1904 జూన్ 15న జనరల్ స్లోకమ్ అను ఓడ అగ్నిప్రమాదానికి గురై వెయ్యిమందికి పైగా మరణించినారు. వారిలో అధికులు మాన్‌హట్టన్‌లో నివసించిన జర్మన్ కుటుంబాలవారు. మండుచున్న ఓడ ఆగినది మాత్రం బ్రాంక్స్‌కు చెందిన నార్త్ బ్రదర్ ద్వీపం వద్ద. ఇట్టివారి కొరకు ఒక్క మాన్‌హట్టన్ సూచికతోనే ఆగిపోరాదు.

పేర్ల వర్ణక్రమం మరొక చిక్కు. సౌండెక్స్ అను పద్ధతిలో పేరులోని మొదటి అక్షరాన్ని ఉంచి, అచ్చులను వదలి, ఒకే విధంగా పలుకు హల్లులకు ఒకే అంకె ఇచ్చెదరు. స్మిత్, స్మైత్, ష్మిట్ మూడింటికీ ఎస్-530 అను సంకేతమే వచ్చును. కాని మొదటి అక్షరం మారినచో ఈ పద్ధతి సహాయపడదు. కోహెన్ అను పేరును సి, కె అక్షరాలు రెండింటి క్రిందా చూడవలెను.

వ్యాధుల పేర్లు

పాత పత్రాలలోని కొన్ని వ్యాధుల పేర్లు నేడు వాడుకలో లేవు. "కన్సంప్షన్", "థైసిస్" అనగా క్షయ. "డ్రాప్సీ" అనగా శరీరంలో నీరు చేరి ఉబ్బుట. "కాలరా ఇన్‌ఫాంటమ్" అనునది కలరా కాదు, వేసవిలో పసిపిల్లలకు వచ్చు తీవ్రమైన అతిసారం.

పసిపిల్లల మరణాలు

అమెరికా జనగణన పదేళ్ళకు ఒకసారి జరుగును. రెండు జనగణనల నడుమ పుట్టి మరణించిన శిశువు ఆ పుస్తకాలలో కనిపించదు. 1890 జనగణన పత్రాలు 1921లో జరిగిన అగ్నిప్రమాదం వలన చాలావరకు నశించినవి. అందువలన 1880, 1900 జనగణనల నడుమ ఇరవై ఏళ్ళ ఖాళీ ఏర్పడినది. ఈ ఖాళీని పూరించుటకు నగర మరణ పత్రాలు ఎంతో ఉపయోగపడును.

1900, 1910 జనగణనలలో తల్లులను ఎందరు బిడ్డలు పుట్టినారు, ఎందరు బ్రతికి ఉన్నారు అని అడిగినారు. ఐదుగురు పుట్టి ముగ్గురే ఉన్నారని ఒక తల్లి చెప్పినచో, మిగిలిన ఇద్దరి పేర్లు మరణ పత్రాలలో దొరకవచ్చును. ఆ పత్రంలో తల్లి పుట్టింటి పేరు కూడా ఉన్నచో అది ఆమె వంశాన్ని తెలిసికొనుటకు దారి చూపును.

పేరు తెలియని మృతులు

శ్మశానం పేరు గల గడిలో "సిటీ సిమెటరీ" అని ఉన్నచో అది సాధారణంగా హార్ట్ ద్వీపాన్ని సూచించును. 1869 నుండి నగరం అక్కడ పేదలను, గుర్తు తెలియనివారిని ఖననం చేయుచున్నది. అక్కడ పది లక్షల మందికి పైగా ఉన్నారని అంచనా. విడివిడిగా సమాధి రాళ్ళు లేని ఇట్టివారికి పత్రమే సమాధి రాయి.

1911 మార్చి 25న ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదంలో 146 మంది మరణించినారు. వారిలో ఆరుగురిని గుర్తింపలేక ఎవర్‌గ్రీన్స్ శ్మశానవాటికలో ఖననం చేసినారు. మైకేల్ హిర్ష్ అను పరిశోధకుడు పాత వార్తాపత్రికలను, దస్తావేజులను పోల్చి, వారసులతో మాట్లాడి ఆ ఆరుగురి పేర్లను గుర్తించినాడు. ప్రమాదం జరిగిన నూరేళ్ళకు, 2011లో, మృతులందరి పేర్లతో పూర్తి జాబితా వెలువడినది.