మీకు తెలుసా? రూటర్ టేబుల్ మీద చెక్కను ఎటు నుంచి నెట్టాలో!

ఇంటి పని జరిగే చోట చెవులు హోరెత్తించే ఆ మోత రూటర్‌దే కావచ్చు. తలుపు చెక్కల అంచులు గుండ్రంగా తీర్చే యంత్రమిది.

● రూటర్‌ను టేబుల్ కింద తలకిందులుగా బిగిస్తారు. పైనుంచి చూస్తే బిట్ (చెక్కను కోసే పనిముట్టు) గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందుకే ఫెన్స్‌కు (టేబుల్ మీది ఆనుపట్టీకి) ఆనించిన చెక్కను కుడి నుంచి ఎడమకు నెట్టాలి. ఎడమ నుంచి కుడికి నెడితే బిట్ చెక్కను లాగేసుకుంటుంది, వెంట చెయ్యీ పోవచ్చు.

● 75 మిల్లీమీటర్ల బిట్ నిమిషానికి 24,000 చుట్లు తిరిగితే, దాని అంచు వేగం గంటకు సుమారు 340 కిలోమీటర్లు! అందుకే ఇంత పెద్ద బిట్‌కు వేగాన్ని నిమిషానికి 10,000 చుట్ల దరిదాపుల్లో ఉంచాలి.

● నాలుగు అంచులూ తీర్చాలంటే ముందు అడ్డకోత అంచులు, తర్వాత పొడవు అంచులు. మూలల్లో లేచిన పెచ్చులు రెండో విడతలో పోతాయి.

● బిట్‌కూ ఫెన్స్‌కూ మధ్య నుంచి చెక్కను ఎప్పుడూ పోనివ్వకూడదు. ఒకేసారి లోతుగా కోయకుండా రెండు మూడు విడతల్లో తీయాలి. చిన్న ముక్కలను వేళ్లతో కాదు, నెట్టుడు చెక్కతో నెట్టాలి. గ్లవ్స్ వద్దు, బిట్‌కు చిక్కుకుంటాయి. కళ్లద్దాలు తప్పనిసరి.

● మాస్కు కూడా మరవొద్దు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్కపొడిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.