నిఖార్సయిన పాత స్పోర్ట్స్ కారు దొరకడం గగనమే!

లక్షలు చేతబట్టుకుని తిరిగినా కొనదగ్గ బండి కనబడదు. కనబడినా కాగితాలు కలవవు

భోపాల్‌పట్నం: హైదరాబాద్ నుంచి వరంగల్, ఏటూరునాగారంల మీదుగా వచ్చే 163వ నెంబరు జాతీయ రహదారి గోదావరి దాటి ఈ చిన్న పట్టణం వద్ద ముగుస్తుంది. నిజామాబాద్ నుంచి జగదల్‌పూర్‌కు పోయే 63వ నెంబరు రహదారి కూడా ఈ ఊరి మీదుగానే సాగుతుంది. ఒకప్పటి బస్తర్ సంస్థానంలో జమీందారీ కేంద్రంగా ఉండిన భోపాల్‌పట్నంలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. గోదావరి, ఇంద్రావతి నదులపై ఈ దారులలో వంతెనలు గత దశాబ్దంలో గాని సమకూడలేదు. అటువంటి చోట పాత బండి అనగానే ఎవరికైనా స్ఫురించేది జీపు మాత్రమే. నేలకు జానెడు ఎత్తున, ఇద్దరే కూర్చునే వీలుతో, రివ్వున దూసుకుపోయే స్పోర్ట్స్ కారుకు ఇక్కడి దారులతో పొత్తు కుదిరే ప్రశ్నే లేదు.

అయితే పాతకాలపు స్పోర్ట్స్ కారు కొనాలని ఉబలాటపడే ఔత్సాహికుడికి ఈ రహదారి ఈ కొసనే కాదు, హైదరాబాద్ కొసన కూడా నిరాశే ఎదురవుతున్నది. డబ్బు చాలకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. మన దేశంలో అటువంటి కార్లు మొదటినుంచీ వేళ్లమీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే ఉండడం, ఉన్నవాటిలో మేలైనవి దేశం దాటిపోవడం, మిగిలినవి మరమ్మతుల పేరిట రూపు మారిపోవడం దీని వెనుక ఉన్న అసలు కథ.

రాజులు తెచ్చినవే రాశి

స్వాతంత్య్రానికి పూర్వం విదేశీ కార్లను దిగుమతి చేసుకున్నవారిలో సంస్థానాధీశులదే అగ్రస్థానం. అయితే వారి మోజు ప్రధానంగా వైభవం మీదనే. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులు ముచ్చటగా చూసే నిజాంల రోల్స్ రాయిస్ ఊరేగింపు కోసం చేయించినదే తప్ప పందెం కోసం కాదు. వేగాన్ని కోరినవారు లేకపోలేదు. ఇండోర్ మహారాజు యశ్వంత్‌రావు హోల్కర్ కోసం అమెరికాకు చెందిన డ్యూసెన్‌బర్గ్ కంపెనీ 1930లలో రెండు సీట్ల స్పీడ్‌స్టర్‌ను తయారుచేసింది. ఆ కారు కూడా తరువాత అమెరికాకే చేరింది.

రాజుల తరువాత బ్రిటిష్ అధికారులు, తోటల యజమానులు, సైనికోద్యోగులు కొందరు ఎం.జి., జాగ్వార్ వంటి కార్లు తెచ్చుకున్నారు. 1945-49 మధ్య బ్రిటన్‌లో తయారైన ఎం.జి. టి.సి. మోడల్ మొత్తం సంఖ్యే పది వేలు. 1948లో లోకాన్ని ఆశ్చర్యపరచిన జాగ్వార్ ఎక్స్.కె. 120 సుమారు పన్నెండు వేలు. వీటిలో మన దేశానికి చేరిన భాగం ఎంత స్వల్పమో ఊహించుకోవచ్చు.

ఆ స్వల్ప ధార కూడా 1950లలో ఆగిపోయింది. దేశంలోనే క్రమంగా విడిభాగాల తయారీ చేపట్టే కంపెనీలను మాత్రమే అనుమతించాలని 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు చేసింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ కంపెనీలు మూటాముల్లె సర్దుకున్నాయి. మిగిలిన కంపెనీలు కుటుంబమంతా ఎక్కే కార్లు చేశాయి గాని సరదా కార్ల జోలికి పోలేదు. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి హెరాల్డ్ కారును తయారుచేసింది. అదే హెరాల్డ్ ఛాసిస్‌ను కుదించి బ్రిటన్‌లో 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును తెచ్చారు. మనకు అక్క వచ్చింది, చెల్లెలు రాలేదు! తరువాతి దశాబ్దాలలో విదేశీ దౌత్యవేత్తలు వదిలివెళ్లిన కార్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా కొనుక్కోవడమే వేగప్రియులకు మిగిలిన దారి అయింది.

తరలిపోయిన సంపద

రాజభరణాలు 1971 చివర రద్దయ్యాయి. ఆదాయం తరిగిన సంస్థానాలకు గ్యారేజీలోని కార్లు భారమయ్యాయి. అంతకు ముందునుంచే విదేశీ దళారులు మన కోటల చుట్టూ తిరిగి కార్లను కారుచవకగా ఎగరేసుకుపోతుండడంతో 1972లో కేంద్రం పాతకాలపు కార్ల ఎగుమతిపై నిషేధం విధించింది. అప్పటికే మేలైనవి చాలావరకు సముద్రం దాటాయి. రాజ్‌కోట్ సంస్థానానికి చెందిన 1934 నాటి రోల్స్ రాయిస్ 'స్టార్ ఆఫ్ ఇండియా'ను ఆ రాజవంశీకులే 2010లో విదేశీ వేలంలో కొనుక్కోవలసి రావడం ఇందుకు నిదర్శనం.

ఇక్కడ మిగిలిన కార్ల ధరలు తదనంతరం చుక్కలనంటాయి. 1931 నాటి ఒక ఫోర్డ్ టూరర్ కారును 1983లో 20 వేల రూపాయలకు కొన్న వ్యక్తి, పదేళ్లు తిరగకముందే దానిని 21 లక్షలకు అమ్మిన వ్యవహారం ఆదాయపు పన్ను వివాదంగా బొంబాయి హైకోర్టుకు చేరింది. ఆ కారును సొంత వాడకపు వస్తువుగా పరిగణించలేమని, లాభంపై పన్ను చెల్లించవలసిందేనని 2025లో తీర్పు వెలువడింది. పాత కారును పెట్టుబడిగా భావించేవారు ఈ తీర్పును ఒకసారి చదవడం మేలు.

రంగు కింద ఏముంది?

ఇంతా చేసి కారు దొరికిందనుకుందాం. అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. కొత్త రంగుతో తళతళలాడే కారును చూసి బయానా ఇచ్చేవారే ఎక్కువగా మోసపోతారు. తుప్పు తిన్న రేకును కోసి కొత్త రేకు అతకడం ఖర్చుతో కూడిన పని. పుట్టీ పూసి రంగు కొట్టడం చవక. చిన్న అయస్కాంతాన్ని రేకు వెంట జరుపుతూ పోతే, పుట్టీ మందంగా ఉన్నచోట అది పట్టు వదులుతుంది. అయితే తొలినాటి ఎక్స్.కె. 120 కార్ల వంటి అల్యూమినియం బాడీలపై ఈ పరీక్ష పనికిరాదని కూడా గుర్తుంచుకోవాలి.

ఎం.జి. టి.సి. వంటి కార్లలో పైన కనిపించేది రేకే అయినా లోపల అస్థిపంజరమంతా కొయ్యే. ఆ కొయ్య ఇంగ్లండ్‌లో దొరికే యాష్ చెట్టుది. మన వానలకు నాని, చెదలకు ఆహారమైతే పైకి ఏమీ తెలియదు. తలుపు తెరిచి అంచు పట్టుకుని మెల్లగా పైకెత్తినప్పుడు తలుపుతోబాటు స్తంభం కూడా కదిలితే కొయ్య పోయినట్లే లెక్క. తీగల చక్రాల ఇరుసుపై పళ్లు అరిగితే బ్రేకు వేసినప్పుడల్లా టక్కుమని చప్పుడు వస్తుంది. దానిని అలక్ష్యం చేస్తే ప్రాణాలమీదికి వస్తుంది.

ఈ కార్ల ఇంజనులో మరో విచిత్రముంది. బోల్టుల తలలు ఇంగ్లీషు కొలతలో, మరలు మాత్రం మెట్రిక్ కొలతలో ఉంటాయి. ఫ్రెంచి మూలాలున్న పాత మోరిస్ ఇంజను నుంచి వచ్చిన వారసత్వమిది. ఈ సంగతి తెలియని మేస్త్రీ పాత బోల్టు పోయినచోట దొరికిన బోల్టును బలవంతాన బిగించి మరలను పాడుచేస్తాడు. అటువంటి బోల్టులు నాలుగు కనబడితే ఆ ఇంజను ఎవరి చేతుల్లో పెరిగిందో వేరే చెప్పనక్కరలేదు.

నిఖార్సయిన కారు అంటే ఏమిటన్న ప్రశ్న విదేశాలలోనూ కోర్టుకెక్కింది. 1929, 1930 సంవత్సరాలలో లె మాన్స్ పందెం గెలిచిన బెంట్లీ 'ఓల్డ్ నెంబర్ వన్' కారును కోటి పౌండ్లకు కొనడానికి ఒప్పుకున్న కంపెనీ, అందులో అసలు భాగాలు ఏమంత మిగలలేదంటూ వెనుకంజ వేసింది. భాగాలు మారినా కారు చరిత్ర ఎక్కడా తెగిపోలేదు గనుక అది అసలు కారేనని 1990లో లండన్ హైకోర్టు తేల్చింది. చరిత్రను కాగితాలతో రుజువు చేయగల యజమాని గెలిచాడన్నమాట. మన దగ్గర ఆ కాగితాలే కరవు.

కాగితాల కష్టాలు

ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు, ఆర్.సి. పుస్తకం ఈ మూడూ కలవడం కొనుగోలుకు కనీస షరతు. పాత బళ్ల విషయంలో ఇది తేలిక కాదు. భోపాల్‌పట్నం సంగతే చూడండి. ఊరు కదలలేదు గాని, బస్తర్ జిల్లా నుంచి 1998లో దంతెవాడకు, 2007లో బీజాపూర్ జిల్లాకు మారింది. నడుమ 2000లో రాష్ట్రమే మధ్యప్రదేశ్ నుంచి ఛత్తీస్‌గఢ్ అయింది. నది ఇవతల తెలంగాణలో 2014 తరువాత ఎ.పి. పోయి టి.ఎస్., 2024లో టి.జి. వచ్చాయి. అరవై ఏళ్లనాటి రిజిస్ట్రేషన్ మూలం ఏ కార్యాలయపు బీరువాలో ఉందో వెదకడం ఒక పరిశోధన. యజమాని మరణించి, వారసులు నలుగురై, ఒక్కరే అమ్మకానికి పెట్టిన బండి అయితే ఇక చెప్పేదేముంది? రాష్ట్రం దాటించాలంటే 28వ నెంబరు ఫారంపై నిరభ్యంతర పత్రం ఉండితీరాలి.

కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలు, కార్లు వీటి కిందికి వస్తాయి. 20 వేల రూపాయల రుసుముతో, 'వి.ఎ.' అక్షరాలున్న నెంబరును పదేళ్లకు ఇస్తారు. పునరుద్ధరణకు 5 వేలు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు, ఇంధనం నింపుకోవడం వంటి పనులకే రోడ్డెక్కాలి. రోజూ తిరగడానికి వీల్లేదు.

బ్రిటన్‌లో 1934 నుంచి ఉన్న వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ 1930 వరకు తయారైన వాటినే వింటేజ్ అంటుంది. మన నిబంధన ప్రకారం 1970ల తొలినాటి అంబాసిడర్ కూడా ఆ కోవలోకి వస్తుంది. అమ్మేవారు ఈ ఒక్క మాటతో ధర పెంచేస్తున్నప్పుడు కొనేవారు తయారీ సంవత్సరాన్ని అడగడం అవసరం.

ఈ నిబంధనల్లోని మెలిక అంతకన్న ముఖ్యమైనది. ఛాసిస్, బాడీ, ఇంజనులలో చెప్పుకోదగ్గ మార్పులు జరగకూడదు. పెట్రోలు ఖర్చు భరించలేక పాత కార్లకు, జీపులకు డీజిల్ ఇంజన్లు బిగించడం మన దేశమంతటా జరిగిన పని. తీసేసిన పెట్రోలు ఇంజను తుక్కు కొట్టుకు చేరింది. బస్తర్ అడవుల్లో జీవితమంతా ఊడిగం చేసిన విల్లీస్ జీపు ఎంత గట్టిగా ఉన్నా, డీజిల్ ఇంజను ఉంటే 'వి.ఎ.' నెంబరు రావడం కష్టమే. పాత స్పోర్ట్స్ కారు దొరకక జీపుతోనైనా సరిపెట్టుకుందామనుకునే ఔత్సాహికుడు బానెట్ ఎత్తి చూడవలసిన మొదటి విషయం ఇది.

విదేశాలనుంచి తెప్పించుకోవడం మరో దారి. ఎన్నో ఏళ్లపాటు 1950కి ముందు తయారైన కార్లనే సులువుగా తేనిచ్చారు. 2025లో ఈ గీతను చెరిపి, 50 ఏళ్లు దాటిన వాటికి అవకాశమిచ్చారు. దీంతో 1960ల స్పోర్ట్స్ కార్లకు ద్వారాలు తెరుచుకున్నాయి గాని, సుంకాలు, ఓడ కిరాయి కలుపుకుంటే ఖర్చు కొన్న ధరను మించిపోవచ్చు. కళ్లతో చూడకుండా ఫొటోలు నమ్మి కొనే ప్రమాదం సరేసరి.

స్వదేశంలో బండిని చూడటానికి వెళ్లేవారు ముందురోజే అమ్మేవారికి ఒక మాట చెప్పడం మంచిది. తాము వచ్చేవరకు ఇంజను స్టార్టు చేయవద్దని కోరాలి. వెళ్లగానే బానెట్‌పై చేయి ఆనించి చూడాలి. అది వెచ్చగా తగిలితే, చల్లటి ఇంజను మొరాయించే సంగతి దాచడానికి ముందే వేడిచేసి ఉంచారేమోనని అనుమానించవలసిందే.