మీటలకు అందని అక్షరాలు

రామచంద్రపురం అని కాగితం మీద రాస్తే ఆరు అక్షరాలు. అదే పేరు పాత బటన్ ఫోన్‌లో ఇంగ్లిషు లిపిలో కొడితే 27 నొక్కులు. పి, క్యూ, ఆర్, ఎస్ నాలుగూ ఏడో అంకె మీట మీదే ఉంటాయి కాబట్టి మొదటి ‘ఆర్’ కోసమే మూడుసార్లు నొక్కాలి. ‘మ’ అయ్యాక వచ్చే ‘ఎ’, ‘సి’ రెండూ ఒకే మీటవి. ఒకటి కొట్టి, కర్సర్ ముందుకు జరిగేదాకా ఆగి, అప్పుడు రెండోది కొట్టాలి. మాటను ముందే ఊహించే టీ9 ఉంది కదా అనుకుంటే, దాని ఇంగ్లిషు నిఘంటువుకు తెలుగు ఊళ్లతో బొత్తిగా పరిచయం లేదు.

అక్షరానికో మీట ఇచ్చేస్తే ఈ బాధ తీరుతుంది. 1996లో నోకియా 9000 కమ్యూనికేటర్ ఆ పనే చేసింది. పుస్తకంలా తెరిస్తే లోపల పూర్తి కీబోర్డు. బరువు 397 గ్రాములు. చొక్కా జేబులో పెట్టుకుని తిరిగే వస్తువు కాదు.

కెనడాలోని వాటర్లూ పట్టణంలో రిసెర్చ్ ఇన్ మోషన్ అనే కంపెనీ మరోలా ఆలోచించింది. టైపు మిషను ముందు కూర్చున్నవాడికి పది వేళ్లు పనికొస్తాయి. నడుస్తూ చేతిలో చిన్న పెట్టె పట్టుకున్నవాడికి ఎనిమిది వేళ్లు దాన్ని పట్టుకోవడానికే సరిపోతాయి. మిగిలేవి రెండు బొటనవేళ్లు. 1999లో వచ్చిన బ్లాక్‌బెర్రీ 850ని ఆ రెండు వేళ్ల కోసమే తీర్చిదిద్దారు. కోలగా ఉండే మీటలు ఎడమ సగంలో ఒక వైపు, కుడి సగంలో దానికి ఎదురుగా వాలి ఉంటాయి. బొటనవేలు సహజంగా వాలే దారి అదే. ఈ అమరికకు 2001లో అమెరికా పేటెంటు కూడా దక్కింది. అప్పటికింకా అది ఫోను కాదు, ఒక్క పెన్సిల్ బ్యాటరీతో నడిచే ఈమెయిలు పేజరు. 2002లో 5810 మోడల్‌కు ఫోన్ సదుపాయం చేర్చారు గానీ, మాట్లాడాలంటే ఇయర్‌ఫోన్ తగిలించుకోక తప్పేది కాదు. రాయడానికి పుట్టిన యంత్రం మరి, మాట దానికి తర్వాత నేర్పిన విద్య.

ఇంత చిన్న మీట నొక్కినప్పుడు వేలికి ‘టిక్’మని తెలియడమే ఈ కీబోర్డుల మహిమ. ప్లాస్టిక్ మీట కింద పలచటి లోహపు రేకు ఒకటి బోర్లించిన మూకుడులా ఉబ్బి ఉంటుంది. నొక్కితే అది ఒక్కసారిగా లోపలికి కుంగి, అడుగునున్న సర్క్యూటు బోర్డు మీద రెండు కొసలను కలుపుతుంది. వేలు తీస్తే మళ్లీ పైకి లేస్తుంది. మీట కదిలేది మిల్లీమీటరు లోపే అయినా, ఆ కుంగుడు చాలు, కన్ను చూడకుండానే అక్షరం పడిందని వేలు గ్రహిస్తుంది. 35 మీటలకు 35 జతల తీగలు అక్కర్లేదు. ఏడు అడ్డంగా, అయిదు నిలువుగా మొత్తం పన్నెండు తీగలు వేసి, ఏ అడ్డం ఏ నిలువుతో కలిసిందో చిప్పు క్షణక్షణం చూసుకుంటూ ఉంటుంది. 2008 నాటి బ్లాక్‌బెర్రీ బోల్డ్‌లో వరసల మధ్య గిటారు మెట్లలా లోహపు పట్టీలు కూడా అమర్చారు, వేలు పక్క వరసలోకి జారకుండా. ఆ పనితనం ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

2010 ప్రాంతాల్లో నోకియా సి3, బ్లాక్‌బెర్రీ కర్వ్ లాంటివి మన దుకాణాల్లోకి వచ్చేసరికి రామచంద్రపురానికి నొక్కులు 27 నుంచి 16కు తగ్గాయి. తగ్గింది ఇంగ్లిషు లిపికి. తెలుగు అక్షరాలను ఆనాటి చాలా ఫోన్లు చూపించలేక డబ్బాలు పెట్టేవి. ఎస్సెమ్మెస్ లెక్క కూడా తెలుగుకు ఎదురే. రోమన్ లిపిలో ఒక మెసేజికి 160 అక్షరాలు పడితే, యూనికోడ్ తెలుగులో పట్టేవి 70. రామచంద్రపురం ఒక్కటే అందులో పన్నెండు తినేస్తుంది. దాంతో ‘ఎలా ఉన్నావ్’ అని అడగాలన్నా జనం ఇంగ్లిషు అక్షరాల్లోనే అడిగారు.

రోమన్‌లో తెలుగు రాయడం ఫోన్లతో మొదలైంది కాదు. 1990ల ఆరంభంలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతిని తయారుచేశారు. ఏ ధ్వనికి ఏ ఇంగ్లిషు అక్షరమో కచ్చితంగా చెప్పే పద్ధతి అది. దీర్ఘానికి ‘ఎ’ రెండుసార్లు, సున్నాకు పెద్ద ‘ఎమ్’. అలా రాస్తే మన ఊరికి 17 నొక్కులు, పెద్ద అక్షరాల కోసం షిఫ్ట్ అదనం. ఫోన్ మీద రాసేవాళ్లకు అంత నియమం ఎక్కడిది? తోచినట్టు రాశారు, చదివేవాళ్లు అర్థం చేసుకున్నారు.

తెలుగును తెలుగుగానే కొట్టే దారి అంతకు ముందే ఉంది. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రామాణికం చేసిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఎడమ చేతికి అచ్చులు, గుణింతపు గుర్తులు, కుడి చేతికి చాలావరకు హల్లులు. హిందీ ‘క’ ఉన్న చోటే తెలుగు ‘క’. యాభైకి పైగా ఉన్న అక్షరాలకు తోడు గుణింతాలు, ఒత్తులు అన్నిటికీ విడిగా మీటలు ఇవ్వక, హల్లు కొట్టి గుర్తు తగిలించడమే దీని కిటుకు. ఇందులో రామచంద్రపురానికి పన్నెండు నొక్కులే: ర, దీర్ఘం, మ, చ, సున్నా, ద, పొల్లు, ర, ప, కొమ్ము, ర, సున్నా. ఇంగ్లిషు కన్నా నాలుగు తక్కువ!

చిక్కు ఎక్కడంటే, ఇన్‌స్క్రిప్ట్ కంప్యూటర్ కీబోర్డును చూసి వేసిన నక్ష. ‘చ’ ఉండేది సెమీకోలన్ మీట మీద. ‘ట’, ‘డ’, ‘య’ కూడా విరామ చిహ్నాల పక్కన సర్దుకున్నవే. బొటనవేలి కీబోర్డులో 26 అక్షరాలకు చోటు దొరకడమే గగనం, విరామ చిహ్నాలను ఆల్ట్ మీట చాటుకు తోసేశారు. అంటే ‘చ’కు సొంత మీట లేదు. కీబోర్డు చిన్నదయ్యేకొద్దీ ముందు బయటకు నెట్టింది తెలుగు హల్లులనే.

2007 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ మోటో క్యూ, బ్లాక్‌బెర్రీ, పామ్ ట్రియో, నోకియా ఇ62 బొమ్మలు చూపించి, వీటి మీటలు అవసరం ఉన్నా లేకున్నా ప్లాస్టిక్‌లో అలా పాతుకుపోయి ఉంటాయని తప్పు పట్టాడు. తెలుగు ఆయన మనసులో ఉండి ఉండదు గానీ, ఆ ఫిర్యాదు తెలుగుకు అతికినట్టు సరిపోతుంది. ఐఫోన్‌కు జవాబుగా 2008లో బ్లాక్‌బెర్రీ స్టార్మ్ వచ్చింది. మొత్తం గాజు తెరనే ఒక పెద్ద మీటగా మార్చి, అక్షరం అక్షరానికీ తెరంతా కుంగేలా చేశారు. రెండు పడవల ప్రయాణం సాగలేదు.

గాజు మీద బొమ్మ మారుతుంది. ఐఐటీ బొంబాయి 2013లో తెచ్చిన స్వరచక్ర కీబోర్డులో ‘క’ మీద వేలు ఆన్చితే చుట్టూ కా, కి, కీ, కు చక్రంలా విప్పుకుంటాయి. కావలసిన వైపు వేలు జరిపితే చాలు. అచ్చుపోసిన ప్లాస్టిక్ చేయలేని పని ఇది. 2016లో కేంద్రం నోటిఫై చేసిన ఐఎస్ 16333 ప్రమాణం ఫోన్లలో ఇంగ్లిషు, హిందీలతో పాటు మరో భారతీయ భాషలో రాసే వీలు ఉండాలని చెప్పింది.

మీటలు మాత్రం ఒక్కసారిగా పోలేదు. 2018లో 2,999 రూపాయలకు ప్రకటించిన జియోఫోన్ 2 పూర్తి కీబోర్డుతోనే వచ్చింది. బ్లాక్‌బెర్రీ పేరుతో ఫోన్లు చేసిన టీసీఎల్ 2020 ఆగస్టు 31తో అమ్మకాలు ఆపింది. పాత బ్లాక్‌బెర్రీ ఫోన్లకు సేవలు 2022 జనవరి 4న ఆగిపోయాయి. 2024లో క్లిక్స్ అనే తొడుగు వచ్చింది. ఐఫోన్‌కు తగిలిస్తే కింద మళ్లీ టిక్కుమనే మీటలు.

ఇంత జరిగినా, తెలుగు కీబోర్డు ఉచితంగా దొరికే టచ్ ఫోన్లలో సైతం వాట్సాప్ నిండా ఇంగ్లిషు లిపి తెలుగే కనిపిస్తుంది. చోటు చాలక చేసుకున్న సర్దుబాటు చోటు దొరికాక కూడా వదల్లేదు. గూగుల్ వారి జీబోర్డు ఈ సంగతి కనిపెట్టి రెండు దారులూ తెరిచి ఉంచింది. సెట్టింగుల్లో తెలుగు ఎంచుకుంటే అ, ఆలతో ఒక కీబోర్డు, ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చి ఇచ్చేది మరొకటి. ఆ రెండో దాని పై వరస క్యూ, డబ్ల్యూ, ఇ, ఆర్ అనే మొదలవుతుంది.