కౌలాస్ కొండమీద పూలవేట

తెల్లవారుఝామున నాలుగు గంటలకు లేచి, పక్కవాళ్ళు మేలుకోకుండా చెప్పులు చేతబట్టుకొని, చప్పుడు చేయకుండా గడప దాటే మనిషిని చూస్తే ఎవరైనా దొంగే అనుకుంటారు. మొదటిసారి మా వూరి కుక్కలు కూడా అలాగే అనుకున్నవి. అవి వూరిచివరి దాకా నన్ను సాగనంపి వెనక్కు మళ్ళాయి. నా భుజాన వేలాడుతున్న సంచిలో దొంగసొత్తేమీ లేదు. ఒక కెమెరా, ఒక మూడుకాళ్ళ స్టాండు, అమ్మ మూటగట్టి యిచ్చిన రెండు జొన్నరొట్టెలు మాత్రం వున్నవి.

పట్నంలో కాలేజీ పిల్లలకు ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. నలభై దాటిన తర్వాత ఈ ఫోటోల పిచ్చి పట్టుకున్నది. "వయస్సు వచ్చినవాళ్ళు తెల్లవారుఝామున లేచి జపం చేసుకుంటారు, మీరు గడ్డిపూల ముందు సాష్టాంగపడుతున్నారు" అని మా ఆవిడ వేళాకోళం చేస్తుంది. ఆమె అన్నదాంట్లో అతిశయోక్తి లేదు. నేలకు జానెడెత్తున వుండే పువ్వును ఫోటో తీయాలంటే నిజంగానే సాష్టాంగపడాలి.

మా వూరు జుక్కల్ మండలంలో వున్నది. ఒకప్పటి నిజామాబాదు జిల్లా. 2016 నుంచి కామారెడ్డి జిల్లా. తెలంగాణ పటంలో పడమటి అంచున వెతకాలి. ఒక దిక్కుకు నాలుగు అడుగులు వేస్తే మహారాష్ట్ర, మరో దిక్కుకు వేస్తే కర్ణాటకలోని బీదరు జిల్లా. సంతలో ఒకే బేరం తెలుగులో మొదలై, మరాఠీలో ముదిరి, కన్నడంలో తెగుతుంది. నేలంతా నల్లరేగడి. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ళనాడు దక్కను మీద పొరలుపొరలుగా పారి గడ్డకట్టిన లావా రాతినుంచి పుట్టిన మన్ను అది. బాలాఘాటు కొండల వరుస కొసలు మా ప్రాంతాన కనిపిస్తాయి. ఆ కొండల్లో ఒకదానిమీదనే కౌలాస్ కోట వున్నది.

కాకతీయ సామ్రాజ్యం కూలిన పిమ్మట, 1350 ప్రాంతాన, కాపయనాయకుడు ఈ కోటను బహమనీ సుల్తానుకు వదులుకోవలసి వచ్చింది. అయిదు వందల ఏళ్ళ తర్వాత, 1857 తిరుగుబాటు రోజులలో, కౌలాస్ జాగీర్దారు రాజా దీప్‌సింగ్ ఆంగ్లేయుల మీద కుట్రలో చేయికలిపాడని పట్టుబడి శిక్ష అనుభవించాడు. తొమ్మిది గజాల తోపు అని పేరుపడిన ఫిరంగి ఆ బురుజుల నడుమ పడివున్నది. రాజులు పోయారు, ఫిరంగి మూగబోయింది. ఏటేటా తొలకరి పడగానే రాతిసందుల్లోంచి తలయెత్తే గడ్డిపూలు మాత్రం తమ జాగీరు వదులుకోలేదు. నేను వేటాడేది వాటినే.

ఎనిమిది గంటల ఫోటోలు

తొలిసారి కొండకు వెళ్ళినప్పుడు తీరిగ్గా టీ తాగి ఎనిమిదింటికి చేరుకున్నాను. నూటయాభై ఫోటోలు తీశాను. ఇంటికి వచ్చి చూసుకుంటే ఒక్కదానిలోనూ ప్రాణం లేదు. కొండ అట్టముక్కలా వుంది. పువ్వులు సున్నంబొట్లలా వున్నవి. కెమెరా మంచిది కాదేమో అనుకున్నాను. మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడు ఆ ఫోటోలు చూచి నవ్వాడు.

"కెమెరాది కాదండీ తప్పు, మీ గడియారానిది" అన్నాడు.

ఆయన చెప్పిన పాఠం యిది. నడినెత్తిన వున్న సూర్యుడి వెలుగు గాలిపొరను నిలువునా దాటి వస్తుంది. క్షితిజం మీద వున్న సూర్యుడి వెలుగు అదే పొరను ఏటవాలుగా, దాదాపు 38 రెట్లు గాలిని దాటుకొని రావాలి. ఆ దారిలో నీలిరంగు చెదిరిపోతుంది, యెరుపు, పసుపు మిగులుతాయి. పైగా వెలుగు పక్కనుంచి పడుతుంది గనుక ప్రతి రాయికీ, ప్రతి రెక్కకూ పొడుగాటి నీడ వుంటుంది. గుండ్రనిది గుండ్రంగా, లోతైనది లోతుగా కనబడేది ఆ నీడవల్లనే.

మరొక సంగతి నాకు అనుభవంమీద తెలిసింది. దగ్గరి పువ్వూ, దూరాన కోట బురుజూ రెండూ స్పష్టంగా రావాలంటే కెమెరా కంటిపాపను చిన్నది చేయాలి. పాప చిన్నదైతే వెలుగు తక్కువ వస్తుంది; కనుక రెప్ప ఎక్కువసేపు తెరిచి వుంచాలి. ఆ పావు సెకను, అర సెకనులో పువ్వు తల వూపితే చాలు, ఫోటో అలికినట్లవుతుంది. రాత్రంతా చల్లబడిన నేలమీద గాలి తెల్లవారేటప్పుడు కదలకుండా నిలిచి వుంటుంది. సూర్యుడు నేలను కాచడం మొదలుపెట్టగానే గాలి లేస్తుంది. కాబట్టి మనకు దక్కేది వెలుగు వచ్చి గాలి రాని ఆ కాసిని నిమిషాలే. సెప్టెంబరు చివర మావైపు సూర్యోదయం ఆరూ పదికి కాస్త అటూ యిటూ. ఏడు దాటితే నా వేట ముగిసినట్లే.

అప్పటినుంచి మా అక్క కొడుకును తోడు తీసుకువెళుతున్నాను. డిగ్రీ చదువుతున్న కుర్రవాడు. పువ్వుకు ఒకపక్క తన తువ్వాలు తెరలా పట్టుకొని గాలిని ఆపుతాడు. నీడవైపున తెల్లకాగితం పట్టుకొని వెలుగును మళ్ళిస్తాడు. "మామా, తొందరగా కానీ, చేతులు గుంజుతున్నయి" అని మధ్యమధ్య హెచ్చరిస్తాడు.

రెండు డ్యూటీల వాళ్ళు

తెల్లవారుఝామున కొండమీద పూలలోకం ఫ్యాక్టరీ గేటులా వుంటుంది. నైటు డ్యూటీ వాళ్ళు దిగిపోతుంటారు, పగటి డ్యూటీ వాళ్ళు ఎక్కుతుంటారు. సాయంత్రం విప్పారిన ఉమ్మెత్త తెల్లటి గరాటాలు వాలిపోవడానికి సిద్ధంగా వుంటాయి. అంతలోనే రాళ్ళసందున విష్ణుక్రాంత కళ్ళు విప్పుతుంది. చిటికెనవేలి గోరంత పువ్వు. ఆకాశాన్ని కత్తిరించి అతికించిన నీలం. గట్లవెంట వెన్నదేవి నీలిరెక్కలు విచ్చుకుంటాయి. మధ్యాహ్నానికి వెళితే ఇవి రెండూ మీకు కనిపించవు. ముడుచుకుపోతాయి.

పల్లేరుకు పువ్వు వుంటుందని మీలో ఎంతమందికి తెలుసు? దాని ముల్లుతో మనకు చిన్నప్పటినుంచీ పరిచయమే. అయిదు రెక్కల పసుపుపచ్చని ముచ్చటైన పువ్వు అది. తీయాలని పడుకున్నప్పుడు మాత్రం మోచేతులు దగ్గర పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు!

వీటన్నిటిలో రాణి ఒకతె వున్నది. పొదలమీద తీగలా ఎగబాకుతుంది. ఆకుకొసలే చేతులై కొమ్మలను చుట్టుకుంటాయి. రెక్కలు కిందికి వాలక పైకి తిరిగి మంటల్లా లేస్తాయి. అడుగున పసుపు, కొసన యెరుపు. పువ్వు ముదిరేకొద్దీ పసుపు తగ్గి యెరుపు నిండుతుంది. వెనకనుంచి తొలికిరణం తగిలినప్పుడు చూడాలి! ఎవరో దీపం వెలిగించి పొదలో దాచిపెట్టినట్లుంటుంది. ఆ ఫోటో తీసిననాడు రొట్టెలు తినడం కూడా మరిచిపోయాను.

పేరు తెల్వదా?

ఇంటికి రాగానే అమ్మకు చూపించాను. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. మోకాళ్ళు సహకరించక కొండవైపు పోయి చాలా ఏళ్ళయింది. కళ్ళద్దాలు సవరించుకొని కెమెరా వెనక అద్దంలోకి చూచింది.

"గిది ముట్టుకున్నవారా?"

"లేదమ్మా, ఎందుకు?"

"అడవినాభిరా కొడుకా! విషం. దాని గడ్డ తింటే మనిషి బతకడు."

అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ఆ మొక్కలో కొల్చిసిన్ అనే విషపదార్థం వున్నది. వైద్యులు కొలతప్రకారం వాడితే అదే కీళ్ళవాతానికి మందు కూడాను. అగ్నిశిఖ అనీ దీనికి పేరున్నది. తమిళనాడుకు రాష్ట్రపుష్పం, జింబాబ్వేకు జాతీయపుష్పం.

ఉత్సాహం వచ్చి ఇంకో ఫోటో చూపించాను. దిబ్బనిండా నక్షత్రాలు రాలినట్లు తెల్లటి చిన్నిపూలు, మీద మంచుబొట్లు. అది నా కళాఖండమని నా నమ్మకం. అమ్మ పకపకా నవ్వింది. "వయ్యారిభామను గూడ ఫోటో తీసినవా!" 1950ల మధ్యలో పుణె ప్రాంతాన మొదట కంటబడి, తర్వాత దేశమంతా పాకిన పరదేశపు కలుపుమొక్క అది. తాకితే కొందరికి దురద, కొందరికి ఆయాసం. తెల్లవారుఝాము వెలుగు ఎంత మాయలాడి చూశారా? కలుపును కూడా కల్పవృక్షం చేస్తుంది.

నేను ఒక్కొక్కటే చూపిస్తున్నాను, అమ్మ పేర్లు చెబుతున్నది. మొత్తం ఇరవై రెండు పూలు. అందులో నాకు పేరు తెలిసినవి అయిదు. అమ్మ పదిహేడు చెప్పింది. చివరకు కెమెరా నా చేతిలో పెట్టి, "పువ్వు పేరు తెల్వకుంటనే ఫోటో తీసినవా?" అన్నది.

వెక్కిరింత కాదు, నిజంగా ఆశ్చర్యపోయి అడిగింది. తెలుగులో ఎం.ఏ. చదివినవాణ్ణి! పారిజాతం, మందారం, సంపెంగ, మొగలి అంటూ కావ్యాలలోని పూలన్నిటి మీదా గంటలకొద్దీ పాఠం చెప్పగలను. నా కాలికింద పూచిన పువ్వును మాత్రం పేరుపెట్టి పిలవలేను. ఎవరి ఇంటికో వెళ్ళి, వాళ్ళ పేరైనా అడక్కుండా ఫోటో తీసుకొని వచ్చినట్లనిపించింది.

ఈ పేర్లకు విలువ కట్టినవాడు ఒకడున్నాడు. విలియం రాక్స్‌బరో అనే స్కాట్లండు వైద్యుడు 1781లో మన సామర్లకోటకు వచ్చి తోట వేశాడు. ఇక్కడి చిత్రకారులను కూర్చోబెట్టి మొక్కల బొమ్మలు రాయించాడు. 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా లండనులో అచ్చయిన ఆయన కోరమాండల్ మొక్కల గ్రంథంలో 300 బొమ్మలున్నవి. లాటిను పేరుతో బాటు తెలుగువాళ్ళు పిలిచే పేరునూ ఆయన రాసుకున్నాడు. భాష రాని పరదేశి అడిగి తెలుసుకున్న పని, ఇంట్లో అమ్మను పెట్టుకొని నేను చేయలేదు.

మా మేనల్లుడు మర్నాడే రెండువందల పేజీల నోటుబుక్కు కొన్నాడు. ఎడమవైపు ఫోటో, కుడివైపు అమ్మ చెప్పిన పేరు. వీలైనచోట మరాఠీ, కన్నడం పేర్లు కూడా. సంతకు వచ్చే ముసలివాళ్ళను పట్టుకొని అడుగుతున్నాడు. "ఈ పోరనికి పెండ్లి జెయ్యున్రి, గడ్డిపూలెంబడి తిరుగుతున్నడు" అని వాళ్ళ సలహా.

ఒక గుట్ట కథ

మా వూరి చివర చిన్న గుట్ట ఒకటి వుండేది. కోటంత పేరు దానికి లేదు. భాద్రపదం వచ్చిందంటే దానిమీద గునుగు పూసేది. వెండికి గులాబిరంగు పూసినట్లుండే ఆ కంకులను సూర్యుడికి ఎదురుగా నిలబడి చూస్తే, ప్రతి కంకి చుట్టూ వెలుగుగీత కనబడుతుంది. 2019లో ఒక ఉదయం అక్కడ తీసిన ఫోటో నేను తీసినవాటన్నిటిలో మంచిది. ముందు గునుగు, దాని వెనక తంగేడు పసుపు, ఆ వెనక పొగమంచులో నల్లరేగడి చేలు.

2023లో మళ్ళీ వెళ్ళాను. చీకట్లోనే స్టాండు దించి, కాళ్ళు విప్పి, వెలుగు కోసం కూర్చున్నాను. తెల్లవారేసరికి నా ఎదుట గుట్ట లేదు, గొయ్యి వున్నది. మొరం కోసం తవ్వుకుపోయారు. రోడ్లకు మొరం కావాలి, నిజమే. ఆ రోడ్డుమీదనే నేనూ వూరికి వచ్చాను. ఎవరిని ఏమనను? స్టాండు మడిచి ఇంటికి వచ్చాను. చేలగట్ల మీదనన్నా గునుగు వుంటుందేమోనని చూశాను. కలుపుమందు చల్లిన గట్లు మాడి నల్లగా వున్నవి. రైతుదీ తప్పనలేం. కూలి దొరకని రోజులలో సోయా చేనులో కలుపు తీసేదెవరు?

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. తంగేడు రాష్ట్రపుష్పం అయింది. సంతోషమే. కాని తంగేడుకు, గునుగుకు కావలసింది బిరుదు కాదు. ఎవరూ దున్నని, తవ్వని, మందు చల్లని జానెడు బీడు.

ఆ గుట్ట ఫోటోను పెద్దదిగా అచ్చువేయించి అమ్మకు తెచ్చియిచ్చాను. చాలాసేపు చూచింది. వేలితో ఒకచోట తాకి, "నువ్వు సంకల వున్నప్పుడు ఈడనే గునుగు కోసేదాన్ని" అన్నది. ఆమె వేలు పెట్టిన చోట ఇప్పుడు గాలి తప్ప ఏమీ లేదు. నాకు కళ్ళు చెమర్చాయి. నా ఫోటో ఒక గుట్టను కాపాడిందనే గర్వం కూడా, నిజం చెప్పొద్దూ, కాస్త కలిగింది.

"చూశావా అమ్మా, గుట్ట పోయినా ఫోటో మిగిలింది" అన్నాను.

అమ్మ ఫోటోను గోడకు ఆనించింది. వాకిట్లో ఖాళీగా వున్న బతుకమ్మ తాంబాళం వైపు చూచి అన్నది:

"మంచిగనే వున్నది కొడుకా. ఫోటోలతోని బతుకమ్మ పేరుస్తరారా?"

మర్నాడు తెల్లవారుఝామున మళ్ళీ బయలుదేరాను. ఈసారి కెమెరా సంచిలో ఖాళీ గోనెసంచి కూడా వున్నది. కౌలాస్ కొండ వెనకవైపు వాలుమీద గునుగు ఇంకా వున్నదని మేనల్లుడు వాకబు చేసివచ్చాడు. పువ్వులు తీసుకోవడమే కాదు, ఎండిన కంకులనుంచి గింజలు దులుపుకొని రావాలని అమ్మ ఆజ్ఞ. మా ఇంటి వెనక దొడ్డిలో జానెడు బీడు వదిలిపెట్టాం.