డచ్చి పద్దులు – ఇంగ్లీషు మాటలు

పదునేడవ శతాబ్దమున మన బందరులో వర్తకశాల నెలకొల్పిన డచ్చివారిని గూర్చి పెద్దలు మీరు వినియే యుందురు. వారి స్వదేశమగు నెదర్లాండ్సులో నేటికిని పెక్కు వ్యాపారసంస్థల లెక్కలు డచ్చిభాషలోనే వ్రాయబడుచున్నవి. పరదేశపు ఋణదాతలు వానిని చదువవలె ననిన ఇంగ్లీషులోనికి మార్పక తప్పదు. ఆ పని కొంతకాలము నేను చేసితిని. అందలి చిక్కులు కొన్ని మీకు మనవి చేసెదను.

ఆస్తి అప్పుల పట్టికలో డచ్చివారు 'ఎయ్‌ఖెన్ వెర్మోఖెన్' అనియు, 'వ్రేమ్ట్ వెర్మోఖెన్' అనియు రెండు పద్దులు చూపుదురు. వెర్మోఖెన్ అనగా ధనము. ఎయ్‌ఖెన్ అనగా స్వంతము. వ్రేమ్ట్ అనగా పరాయిది, విదేశీయము అనియు నర్థము. నేను పనికి క్రొత్తవాడనై యున్నపుడు నిఘంటువును నమ్మి రెండవదానిని 'ఫారిన్ క్యాపిటల్' అని వ్రాసితిని. లెక్కలలో తల నెరసిన పెద్ద యొకరు దానిని చూచి, “నాయనా, ఈ సొమ్ము తిరిగి యీయవలసినదా, కాదా?” అని యడిగిరి. అప్పుడు నా కనులు తెరువబడినవి. అది విదేశీయులు పెట్టిన పెట్టుబడి కాదు. ఇతరులకు తీర్పవలసిన అప్పు. ఆ యితరులు పొరుగింటివారైనను కావచ్చును. ఇంగ్లీషులో దానిని 'లయబిలిటీస్' అనవలెను. స్వంత ధనమునకు 'ఈక్విటీ' అని పేరు. నా తప్పు దిద్దబడకయే పోయినచో, అప్పును బలమని భ్రమించి మఱియొకడు ఋణ మిచ్చి యుండును.

ఇక సంఖ్యల మాట. డచ్చి 'మిల్యార్ట్' నూఱు కోట్లు. దీనిని నేటి ఇంగ్లీషున బిలియన్ అందురు. డచ్చి 'బిల్యూన్' లక్ష కోట్లు. దీనికి ఇంగ్లీషున ట్రిలియన్ అని పేరు. బిల్యూన్, బిలియన్ అను మాటలు చెవికి కవలలవలె తోచును గాని, వాని నడుమ వేయిరెట్ల భేదము కలదు. పూర్వము ఇంగ్లండులోను బిలియనుకు లక్ష కోట్లనియే వాడుక. 1974లో అచ్చటి ప్రభుత్వము నూఱు కోట్ల యర్థమును గైకొనెను. కావున పాతపత్రము చేతికి వచ్చినపుడు ముందుగా దాని సంవత్సరము చూడవలెను.

చుక్కయు మోసము చేయును. డచ్చివారు వేలను చుక్కతోను, దశాంశమును కామాతోను విడదీయుదురు. ఇంగ్లీషువారి పద్ధతి దీనికి తలక్రిందు. 1.500 యూరోలని డచ్చిలో నున్నచో అది వేయిన్ని యైదునూఱులు. ఆ చుక్క నట్లే యుంచినచో ఇంగ్లీషు చదువరి దానిని ఒకటిన్నర యనుకొనును.

స్వంత పంటయు, పొరుగువాని యొద్ద నప్పు తెచ్చిన ధాన్యమును గాదెలో నొక్కతీరుననే కనబడును. ఏది యెవరిదో చెప్పునది పద్దులోని మాటయే. కావున లెక్కలను భాషాంతరీకరించువాడు, ఈ మాట కర్థమేమి యని యడిగి యూరకుండరాదు. ఎవరు, ఎవరికి, ఎంత ఈయవలెనని కూడ నడుగవలెను.