క్యాన్ నీళ్ల వెనక ఎనభై ఏళ్ల చదువు

ఎండలో స్లాబు పని నడుస్తుంటే మాకు ముందు కావాల్సింది సిమెంటు కాదు, నీళ్ల క్యాన్. గల్ఫ్‌లో మనం తాగే నీళ్లలో చాలా భాగం సముద్రానివే. ఉప్పు తీసి ఇస్తారు. నీటిని కాచి ఆవిరి పట్టడం ఒక పద్ధతి. రెండోది ఆర్వో. పల్చటి పొర మీదికి నీటిని గట్టిగా నెడితే ఉప్పు ఇవతలే ఆగిపోతుంది.

ఈ ఆర్వో కథ పెద్దదే. 1870ల్లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో విలార్డ్ గిబ్స్ అనే ప్రొఫెసర్ ద్రవాల ఉపరితలం మీద లెక్కలు కట్టారు. తాగునీళ్ల ధ్యాసే ఆయనకు లేదు. 1950ల్లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు ఉప్పును ఆపే పొరను కనుక్కున్నారు. కానీ నీరు చుక్కచుక్కే వచ్చేది. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇంజినీరు సిడ్నీ లోబ్, మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస శౌరిరాజన్ కలిసి పనిచేశారు. గిబ్స్ లెక్కే వాళ్లకు దారి చూపింది. 1960 ప్రాంతంలో నీరు బాగా వదిలే పొర తయారైంది. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా ఊరికి ఆ నీరు అందింది.

లెక్క ఒకరిది, రసాయనం ఒకరిది, ఇంజినీరింగ్ ఒకరిది. మా సైటులోనూ అంతే కదా! రాడ్డు పనివాళ్లు, సెంట్రింగ్ వాళ్లు, మేస్త్రీలు కలిస్తేనే స్లాబు పడేది.

ఇంటి దగ్గర పిల్లలు ఫిజిక్సో, కెమిస్ట్రీయో చదువుతామంటే "దాంతో ఉద్యోగం వస్తుందా?" అని ఫోన్లోనే గద్దిస్తాం. ఆ భయం తప్పు కాదు, అప్పు తీర్చేది మనమే. మేం డిప్లొమాతో ఆగిందీ అందుకే. కానీ ఎప్పటికి పనికొస్తుందో ఎవరూ చెప్పలేని ఆ చదువే నల్లగొండ ఫ్లోరైడు పల్లెలదాకా ఆర్వో నీళ్లయి వచ్చింది. ఈసారి కాదనే ముందు పిల్లల మాట పూర్తిగా విందాం.